కారు బీసీఎం నిజంగానే పోయిందా? తేల్చుకోవడం, మార్చుకోవడం ఎలా

రాత్రంతా వాన పడిన మర్నాడు పొద్దున్నే కారు తీస్తారు. ఎడమ ఇండికేటర్ వేస్తే డోర్ లాకులు టకటక కొట్టుకుంటాయి. ఎవరూ వేయకుండానే వైపర్లు ఒకసారి ఊగి ఆగిపోతాయి. తాళం తీసి దిగినా లోపలి లైటు ఆరదు. షెడ్డులో రెండు నిమిషాలు చూసి "బీసీఎం పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అంటారు. బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్, కారులో లైట్లూ లాకులూ వైపర్లూ నడిపే కంప్యూటర్ పెట్టె. ధర వినగానే మీకు టెన్షన్ మొదలవుతుంది.

కంగారుపడి డబ్బు కట్టేయకండి. ఇలా పేరు పడి నా చేతికొచ్చిన బళ్లలో చాలావాటికి పాత బీసీఎంనే తిరిగి బిగించి పంపాను. ఒకదానికి కరెంటు సరిగ్గా అందలేదు, ఒకదానికి ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) వదులైంది, ఇంకోదానికి ఎలుక వైరు కొరికింది. పెట్టె మాత్రం నిక్షేపంగా ఉంది. అందుకే ఇక్కడ మార్చడం కన్నా తేల్చుకోవడం గురించే ఎక్కువ చెబుతాను. విప్పి బిగించడం గంట పని. అసలు కష్టం దాని ముందూ వెనకా ఉంటుంది.

ఈ పెట్టె చేసే పనేమిటి

పాత అంబాసిడర్‌లో వైపర్ స్విచ్ నుంచి వైరు మోటారుకి పోయేది. స్విచ్ వేస్తే కరెంటు, తీస్తే లేదు. ఇప్పటి కార్లలో స్విచ్ చేసేది కబురు చెప్పడం మాత్రమే. "డ్రైవరు వైపర్ అడిగాడు" అని బీసీఎంకి చెబుతుంది. బీసీఎం ఆలోచించి రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) లాగుతుంది, మోటారు తిరుగుతుంది. ఇండికేటర్లు, హారన్, సెంట్రల్ లాక్, పవర్ విండోలు, లోపలి లైటు, రిమోట్ కీ, చాలా బళ్లలో హెడ్‌లైట్లు కూడా దీని కిందే. కొన్ని బళ్లలో ఇమ్మొబిలైజర్ (సొంత కీ కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా ఇందులోనే ఉంటుంది. అలాంటి బండిలో బీసీఎం మొండికేస్తే సెల్ఫ్ కొట్టదు, లేదా కొట్టినా బండి స్టార్ట్ కాదు.

కాబట్టి ప్రతి పనికీ మూడు అంచెలు: కబురు వచ్చే స్విచ్, ఆలోచించే పెట్టె, పనిచేసే మోటారో బల్బో. వీటిలో గొలుసు ఎక్కడ తెగిందో పట్టుకోవడమే మన పని.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు అంటించి చేసుకున్న టెస్ట్ ల్యాంప్, పది నంబరు పానా, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ విప్పడానికి ప్లాస్టిక్ పట్టీ, టార్చి. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ సంపాదించండి. అది లేకుండా కప్లర్‌లో (వైర్లు పెట్టెకి తగిలించే ప్లగ్గులో) మీటరు ముల్లు పెట్టడమంటే చీకట్లో కర్ర తిప్పినట్టే.

స్కానర్ (బండి కంప్యూటర్లలో పడిన తప్పుల కోడ్‌లు చదివే పరికరం) విషయంలో ఒక మాట. చవగ్గా దొరికే బ్లూటూత్ ముక్క ఫోన్‌కి కలిపితే చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చూపిస్తుంది, బాడీ వైపు తొంగిచూడదు. బీసీఎంతో మాట్లాడే స్కానర్ కావాలి. కొనక్కర్లేదు, అది ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక గంట పని చేయించుకుంటే చాలు.

పసుపు రంగు గొట్టంలో పోయే వైర్లు, పసుపు కప్లర్లు కనిపిస్తే చేయి తీసేయండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి మీద టెస్ట్ ల్యాంప్ గానీ మీటరు గానీ పెట్టకూడదు.

మొదట: ఏమేం పనిచేయడం లేదో కాగితం మీద రాయండి

ఇది చాలామంది వదిలేసే పని. వరసగా ప్రతి స్విచ్ వేసి చూసి రాసుకోండి. ఎప్పుడు వస్తోంది: వానలోనా, ఎండలో నిలిపిన తరవాతా, గుంతలో పడినప్పుడా, డోర్ తీసినప్పుడా?

ఒక్క కిటికీ మాత్రమే దిగకపోతే, ఒక్క డోర్ మాత్రమే లాక్ కాకపోతే, బీసీఎం జోలికి ఇప్పుడే పోకండి. ఆ డోర్ తెరిచి, డోరుకీ బాడీకీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూడండి. రోజుకి ఇరవైసార్లు తెరిచి మూసే డోర్‌లో వైర్లు మడతపడి మడతపడి అక్కడే తెగుతాయి. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఒక్కో వైరునీ మెల్లగా లాగితే తెగినది రబ్బరులా సాగుతుంది.

ఇండికేటర్ ఒకవైపు మాత్రం గబగబా కొట్టుకుంటే బల్బు పోయి ఉంటుంది. బయట ఎల్‌ఈడీ బల్బులు వేయించినా అంతే. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి బల్బు మాడిపోయిందని బీసీఎం అనుకుంటుంది. అది దాని తప్పు కాదు.

ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు పనులు ఒకేసారి గందరగోళమైతే అప్పుడు అనుమానం ఇటు తిరుగుతుంది. అప్పుడు కూడా వరసలో ముందు బ్యాటరీ.

బ్యాటరీ

బండి రెండు మూడు గంటలు కదలకుండా ఉన్నాక మీటరు పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందకి పడిపోతే బ్యాటరీని అనుమానించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు బీసీఎం తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, దయ్యం పట్టినట్టు లైట్లు వెలుగుతాయి, కోడ్‌లు బోలెడు పడతాయి. బ్యాటరీ సంగతి తేలకుండా ఆ కోడ్‌లు నమ్మి లాభం లేదు.

టెర్మినల్ తీసి తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించండి. తీసినప్పుడు ముందు నెగటివ్, పెట్టినప్పుడు చివర నెగటివ్.

ఫ్యూజులు, కరెంటు

బీసీఎంకి ఒకటే ఫ్యూజు ఉంటుందనుకోకండి. తాళం ఉన్నా లేకపోయినా వచ్చే కరెంటుకి ఒకటి, ఇగ్నిషన్ వేస్తే వచ్చేదానికి ఒకటి, లాకులకీ లైట్లకీ వేరేవి. అన్నీ ఒక చోటే ఉండవు, కొన్ని బానెట్ కింద, కొన్ని స్టీరింగ్ కింద. ఫ్యూజు పీకి కంటితో చూస్తే సరిపోదు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న ఇనుప చుక్కలు కనిపిస్తాయి. టెస్ట్ ల్యాంప్ రెండో కొస బాడీకి పట్టుకుని, ఆ రెండు చుక్కల మీదా ముల్లు పెట్టండి. రెండింటి మీదా బల్బు వెలగాలి.

ఎర్త్: సగం కేసులు ఇక్కడే తేలతాయి

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లూ బళ్లూ మునిగిన కొన్ని నెలలకి ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. నీళ్లు సీటు కింది దాకానే వచ్చాయట. కడిగించి, ఆరబెట్టి, వాడుకుంటూనే ఉన్నారు. హెడ్‌లైట్ వేస్తే లోపలి లైటు మసకబారుతుంది, హారన్ కొడితే లాక్ పడుతుంది. అప్పటికే ఇద్దరు బీసీఎం అని తేల్చేశారు.

డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తితే కింద ఫోమ్ ఇంకా చెమ్మగా ఉంది, చేత్తో నొక్కితే ముక్కవాసన. పక్క ప్లాస్టిక్ విప్పితే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కనిపించింది. నాలుగు నల్ల వైర్లు ఒకే రింగులో. రింగు చుట్టూ పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిలా రాలింది. మీటరు ఓముల్లో పెడితే దారి బాగానే ఉన్నట్టు చూపించింది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, మీటరు వోల్టుల్లో ఉంచి ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్‌కీ, ఇంకో ముల్లు బీసీఎం ఎర్త్ పిన్నుకీ పెడితే 1.8 వోల్టులు! బోల్టు తీసి, రింగునీ కింద రేకునీ మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాశాక అదే చోట 0.04.

మీరూ ఇలాగే కొలవండి. లోడు (హెడ్‌లైట్లు, బ్లోయర్ లాంటివి) వేసి ఉన్నప్పుడు 0.1 వోల్టు దాటకూడదు. ఓములు చూసి "కంటిన్యుటీ ఉంది" అని తృప్తిపడకండి. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటరుకి బాగానే కనిపిస్తుంది. లోడు పడితేనే దాని బండారం బయటపడుతుంది.

నీళ్లు ఎక్కడి నుంచి

బీసీఎం చాలా బళ్లలో డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు కింద, ఫ్యూజు పెట్టె వెనకాలో పక్కనో ఉంటుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఆకులు పేరుకుని నీటిదారి మూసుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. వేపచెట్టు కింద బండి పెట్టేవాళ్లకి ఇది బాగా తెలుసు. ముందు అద్దం మార్చినప్పుడు గమ్ సరిగ్గా పట్టకపోయినా, ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయినా అంతే.

కప్లర్ ఊడదీసి టార్చి వేసి చూడండి. పిన్నుల మీద పచ్చదనం, తెల్లటి పొడి, ఒక పిన్ను వెనక్కి జరిగి ఉండటం, ప్లాస్టిక్ కరిగి గోధుమరంగు తిరగడం: ఇవి చూడాలి. చెమ్మ ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. నీళ్ల దారి మూయకుండా కొత్త బీసీఎం వేస్తే వచ్చే వానాకాలం మళ్లీ ఇదే కథ.

బండి నిండా మునిగి ఉంటే మాత్రం ఇగ్నిషన్ వేయకండి, ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసే ఉద్దేశం ఉంటే సర్వేయర్ చూసేదాకా అది తప్ప ఇంకేదీ విప్పకండి.

బయట వేయించినవి

రివర్స్ కెమెరా, రెండు గొంతుల హారన్, ఫాగ్ లైట్లు, బయటి సెంట్రల్ లాక్, జీపీఎస్ ముక్క. వీటికి కరెంటు ఎక్కడి నుంచి తీశారో వెతకండి. కంపెనీ వైరు మీద గాటు పెట్టి, మెలితిప్పి, ఇన్సులేషన్ టేపు చుట్టిన చోట్లు కనిపిస్తాయి. మన ఎండకి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. అవన్నీ తాత్కాలికంగా విడదీసి రెండు రోజులు తిప్పి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ముందుకి పోదాం.

స్కానర్‌తో అసలు పరీక్ష

మొదట బీసీఎం స్కానర్‌కి జవాబు ఇస్తోందా చూడండి. బీసీఎం అసలు పలకకుండా, మిగతా మాడ్యూళ్లలో (బండిలోని ఇతర కంప్యూటర్ పెట్టెల్లో) యూ0140 కోడ్ పడి ఉంటే, "బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో మాట కలవడం లేదు" అని అవి ఫిర్యాదు చేస్తున్నట్టు. మాట కలవకపోవడానికి కారణం బీసీఎం చావడమే కానక్కర్లేదు. దాని కరెంటు, ఎర్త్ బాగున్నాయని పైన తేల్చుకున్నారు కాబట్టి ఇప్పుడు క్యాన్ వైర్లు (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూడాలి.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోట) 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. సుమారు 60 రావాలి. రెండు చివర్ల 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిసి 60. మీటరు 120 చూపిస్తే ఒకవైపు దారి తెగింది. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ ఎక్కడో అతుక్కున్నాయి. సాకెట్ వెనక గేట్‌వే (కబుర్లు మళ్లించే పెట్టె) ఉన్న బళ్లలో ఈ లెక్క మారుతుంది, డయాగ్రమ్ చూసుకుని బీసీఎం కప్లర్ దగ్గరే కొలవాలి.

బీసీఎం పలుకుతుంటే పని ఇంకా తేలిక. లైవ్ డేటా తెరిచి, పనిచేయని స్విచ్ వేయండి. ఉదాహరణకి వైపర్. స్విచ్ వేసినప్పుడు తెర మీద "ఆఫ్" మారి "ఆన్" అయిందా? కాకపోతే కబురే చేరలేదు. స్విచ్చో, అక్కడి నుంచి వచ్చే వైరో చూసుకోండి. ఆన్ అయితే కబురు చేరింది. ఇప్పుడు యాక్టివ్ టెస్ట్‌లోకి వెళ్లి స్కానర్ నుంచే వైపర్ ఆడించమనండి. ఆడకపోతే బీసీఎం కప్లర్‌లో వైపర్ పిన్ను మీద, కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి టెస్ట్ ల్యాంప్ పెట్టండి. రిలే బయట ఉండే బండి అయితే ఆ పిన్ను మీద మీటరు మాత్రమే వాడండి. వచ్చేది కరెంటా ఎర్తా అన్నది డయాగ్రమ్ చెబుతుంది. అవుట్‌పుట్ వస్తుంటే తప్పు వైరుదో మోటారుదో. కబురు చేరింది, కరెంటు ఎర్త్ బాగున్నాయి, అయినా పిన్ను మీద ఏమీ రావడం లేదంటే, అప్పుడు బీసీఎంని వేలెత్తి చూపొచ్చు.

ఒక మెలిక ఉంది. బయట ఎక్కడో వైరు షార్ట్ అయితే చాలా బీసీఎంలు తమను తాము కాపాడుకోవడానికి ఆ ఒక్క అవుట్‌పుట్‌ని మూసేస్తాయి. చూసేవాళ్లకి చచ్చిపోయినట్టే ఉంటుంది. కాబట్టి ఆ వైరుని కప్లర్ దగ్గర విడదీసి, ఎర్త్‌కి తగులుతోందేమో చూడండి. షార్ట్ సరిచేసి, కోడ్ చెరిపి, మళ్లీ ప్రయత్నించండి. ఇది చూడకుండా కొత్తది పెడితే అదీ అలాగే మూసుకుంటుంది, లేదా మాడుతుంది.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుందన్నది మీ ఫిర్యాదు అయితే, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య యాంపుల్లో పెట్టిన మీటరు కలిపి, బండి లాక్ చేసి, కనీసం అరగంట ఆగండి. మాడ్యూళ్లన్నీ నిద్రపోయాక 50 మిల్లీ యాంప్‌ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే ఒక్కో ఫ్యూజు నెత్తిన రెండు చుక్కల మధ్యా వోల్టేజీ చూస్తూ పోండి. డోర్ మూసినా తెరిచే ఉందని బీసీఎం అనుకుంటే అది పడుకోదు. లైవ్ డేటాలో డోర్ స్విచ్ చూస్తే తెలుస్తుంది.

కొనేటప్పుడు

వారంటీ ఉందేమో మొదట చూసుకోండి. తరవాత పాత పెట్టె మీది స్టిక్కర్ ఫోటో తీసి, పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోల్చండి. అదే మోడల్, అదే రంగు, అదే ఏడాది అయినా టాప్ వేరియంట్‌దీ బేస్ వేరియంట్‌దీ వేరు.

విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ పుత్లీబౌలీలోనో సెకండ్‌హ్యాండ్‌ది చవగ్గా దొరకొచ్చు. ఇమ్మొబిలైజర్ అందులో ఉన్న బళ్లలో పాత బండి కీలు, ఛాసిస్ నంబరు దాని జ్ఞాపకంలో ఉండిపోతాయి. కొన్ని మళ్లీ రాయనిస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. కొనకముందే మీ మోడల్‌కి కోడింగ్ (పెట్టెలో మీ బండి వివరాలు రాయడం) చేయగలనని ఎలక్ట్రీషియన్ చేత మాట తీసుకోండి, పనికిరాకపోతే వెనక్కి తీసుకునే షరతు పెట్టండి. రిలే ఒక్కటే పోయిందనో, సోల్డర్ బీటలు వారిందనో తేలితే బోర్డు బాగుచేసేవాళ్లు ఉన్నారు. నా ఓటు దానికే, ఎందుకంటే కోడింగ్ గొడవే ఉండదు.

విప్పడం, బిగించడం

పాత బీసీఎం స్కానర్‌తో పలుకుతుంటే, విప్పకముందే దాని కాన్ఫిగరేషన్ (బండిలో ఏమేం ఉన్నాయో చెప్పే సెట్టింగులు) చదివి దాచుకోండి. ఇది మరిచిపోతే తరవాత నెత్తి కొట్టుకోవాలి. బండి కిటికీ ఒకటి దించి ఉంచండి, తాళాలు జేబులో పెట్టుకోండి. లాక్ పడిపోయి బయట నిలబడిన వాళ్లని చూశాను.

ఇగ్నిషన్ తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి, పది నిమిషాలు ఆగండి. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ తీసి, కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీయకముందు ఫోటో తీయండి. తాళం గొళ్లెం నొక్కి కప్లర్‌ని పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. కొత్తది పట్టుకునే ముందు బాడీ ఇనుముని ఒకసారి తాకండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. పిన్నుల్ని వేళ్లతో ముట్టుకోకండి. నట్లు బిగించి, ప్రతి కప్లరూ "టక్"మనేదాకా నొక్కి, ఆఖర్న బ్యాటరీ కలపండి.

కోడింగ్

కొత్తది పెట్టగానే సగం పనులు చేయకపోతే భయపడకండి. ఆ బండిలో ఏమేం ఉన్నాయో దానికి ఇంకా తెలియదు. దాచుకున్న కాన్ఫిగరేషన్‌ని, లేదా ఛాసిస్ నంబరు ప్రకారం కంపెనీ డేటాని, స్కానర్‌తో రాయించాలి. రాస్తున్నంతసేపూ బ్యాటరీకి సపోర్ట్ చార్జర్ తగిలించి ఉంచండి, మధ్యలో వోల్టేజీ పడితే పెట్టె మధ్యలోనే ఆగిపోతుంది. ఇమ్మొబిలైజర్ ఉన్న బండి అయితే మీ దగ్గరున్న కీలన్నీ తీసుకెళ్లండి. ప్రోగ్రామింగ్ అప్పుడు లేని కీ చాలా బళ్లలో చెల్లకుండా పోతుంది. ఇంట్లో బీరువాలో పడి ఉన్న రెండోది కూడా. ఆర్సీ, గుర్తింపు కార్డు అడుగుతారు, అడగకుండా చేసేవాళ్లని నమ్మకండి.

తరవాత మొదట్లో రాసుకున్న కాగితం తీసి అన్ని స్విచ్‌లూ వరసగా వేసి చూడండి. ఆటో కిటికీలు పూర్తిగా ఎక్కించి, స్విచ్ కొన్ని సెకన్లు అలాగే లాగి ఉంచితే చాలా బళ్లలో పైకి ఎక్కే హద్దు మళ్లీ నేర్చుకుంటాయి. కోడ్‌లు చెరిపి, పది కిలోమీటర్లు తిప్పి, మళ్లీ స్కాన్ చేయించండి. ఆ రాత్రి బండి నిలిపిన రెండు గంటలకి బ్యాటరీ వోల్టేజీ రాసుకోండి. పొద్దున్నే డోర్ కూడా తీయకముందు బానెట్ దగ్గర మళ్లీ చూడాలి కాబట్టి బానెట్‌ని రాత్రే వదులుగా వాల్చి ఉంచండి. తేడా 0.1 వోల్టు దాటకపోతే, పాత బీసీఎంకి కాగితం అంటించి అటక మీద పెట్టేయొచ్చు.